చేతికి అందని కడ్డీ

రైళ్లు నడిపిన మనిషిని నేను. ఒకటీ అరా కాదు, బొగ్గు బండ్లు, సిమెంటు బండ్లు, ఎరువుల బండ్లు. నా చెయ్యి పడనిదే యార్డులోంచి ఒక్క వ్యాగను కదిలేది కాదు. ఎవరితోనైనా మొదట ఇలాగే చెబుతాను. వాళ్ల కళ్లు కాస్త పెద్దవయ్యాక, ఆ పెద్దకళ్లను రెండు నిమిషాలు చూసి సంతోషించాక, అసలు సంగతి చెబుతాను. నేను డ్రైవరును కాను. వ్యాగన్లు మరమ్మతు చేసే యార్డులో వాటి మీద అక్షరాలు రాసే పెయింటరును. నంబరు, మోసే బరువు, మరమ్మతు ఎక్కడయింది, మళ్లీ ఎప్పుడు రావాలి, ఇవన్నీ తెల్లరంగుతో రాసేవాణ్ణి.

అయితే నా చెయ్యి పడనిదే వ్యాగను కదలదన్న మాట మాత్రం అబద్ధం కాదు. బ్రేకులు కొత్తవి వేసినా, చక్రాలు నిగనిగలాడుతున్నా, పక్కన రాత పడాలి, ఆ రాత ఆరాలి. అప్పటిదాకా బండి అక్కడే నిలబడాలి. "రాత పడ్డదా? ఆరిందా? ఇగ పోనీ" అనేవాళ్లు. ఉద్యోగమంతా ఆ మాట వింటూనే గడిచింది. రిటైరైన రోజు దండతోపాటు ఆ రివాజును కూడా ఇంటికి తెచ్చుకున్నాను. దండ వాడిపోయింది. రివాజు వాడలేదు. దానివల్లే మా బావ ఒక చిన్న రైలును చూడాలని ఆశపడి, చూడలేకపోయాడు.

బావంటే మా అక్క మొగుడు. వాళ్లది మహబూబాబాద్. మేం మానుకోట అంటాం. ఆ స్టేషనులో చాయ్ అమ్మి ఇల్లు నడిపాడు. ఒక చేతిలో చాయ్ కెటిల్, రెండో చెయ్యి బోగీ తలుపు పక్కనున్న కడ్డీ మీద. ప్యాసింజరు కదులుతుండగా కడ్డీ పట్టుకుని ఎక్కేవాడు, ముందు స్టేషనులో దిగి, ఎదురొచ్చే బండిలో తిరిగొచ్చేవాడు. చాయ్ ఒక్క చుక్క ఒలికేది కాదని నేను అందరికీ చెబుతుంటాను. ఒలికేది. నా చొక్కా మీదే ఒలికింది. అయినా ఆయన పడడం ఎవరూ చూడలేదు.

మా ఇల్లు జనగామలో, పట్టాలకు దగ్గరగా. బండి పోతే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. రిటైరయ్యాక చేతులు ఊరికే ఉండలేక సికింద్రాబాదులో ఒక దుకాణం నుంచి బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ రైలు తెచ్చుకున్నాను. ఇంజనూ, జానెడేసి బోగీలూ. అవి ఏ దేశపు బోగీలో గానీ, పచ్చగా, పసుపుగా, కిటికీలకు కర్టెన్లు అచ్చేసి ఉండేవి. బావ వచ్చినప్పుడు గచ్చు మీద నడిపి చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"గిదేం బండి బామ్మర్దీ? కిటికీలకు ఊచల్లేవు. టికెట్ లేనోడు సంచి ముందేసి ఎనక తను దుంకడా?"

"బయటి దేశంల గట్లనే ఉంటయట బావా."

"మనకెందుకురా బయటి దేశం? మన ప్యాసింజరు చెయ్యి. ఎర్రది. ఇటుక రంగుది. నేనెక్కిన డబ్బ చెయ్యి. నీ చేతిల బుడ్డ బ్రష్షు ఊకెనే పట్టుకున్నవా?"

అప్పటికే ఆ ఎర్ర బోగీలు పోయి నీలం రంగువి వచ్చి, అవీ పోయి వేరేవి వస్తున్నాయి. మా అక్క పక్కనుంచి, "ఇద్దరు ముసలోళ్లకు ఒక్క బొమ్మ" అంది. నేను మాత్రం ఛాతీ పొంగించి, "నెల తిరిగేలోపల చేసి నీ ఇంట్ల నడిపిస్త" అన్నాను.

పని బాగానే మొదలైంది. అచ్చుబొమ్మల కర్టెన్లు గీకేశాను. చీపురుపుల్లలు చీల్చి కిటికీలకు ఊచలు పెట్టాను. పాత బోగీల పక్కలకు వరసగా రివిట్లు, రేకుల్ని బిగించే గుండ్రటి మేకుతలలు, ఉండేవి కదా, వాటికోసం గసగసాలు ఒక్కొక్కటీ సూదిమొనతో ఎత్తి బంకలో అద్దాను. మా ఆవిడ డబ్బా తెరిచి చూసి, "కూరల ఏసే గసాలన్ని బండెక్కిచ్చినవా? ఇగ మటన్ గూడ అండ్లనే అండుకో" అంది. తలుపుల పక్క కడ్డీలకు స్టాప్లర్ పిన్నులు సరిగ్గా సరిపోయాయి. రెండు కొసలూ వంగే ఉంటాయి, చిల్లులు పెట్టి గుచ్చితే చాలు. లోపల ఫ్యాన్లు కూడా పెట్టాను, గాలికి తిరిగేవి. అంటే తిరిగేవని చెప్పాను. అవి మా ఆవిడ పాత జాకెట్టు నుంచి ఊడదీసిన చమ్కీలు, తిరగలేదు.

బోగీల అడుగున దుమ్ము ఉండాలి గదా. ఏ మట్టి అచ్చంగా రైలుదుమ్ములా ఉంటుందో చూడడానికి జిల్లాలోని మండలాలన్నీ తిరిగానని చెప్పుకున్నాను. లింగాల ఘనపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు బస్సు దిగినచోట చేతిరుమాల్లో మూటగట్టుకొచ్చాను, అంతే. ఇంజను మసికోసం మాత్రం మా మేనకోడలు, బావ కూతురు, భూపాలపల్లి నుంచి బొగ్గుపొడి పంపింది. వాళ్లాయన అక్కడ బొగ్గుబాయిలో పనిచేస్తాడు.

అప్పుడే, ఆ స్థితిలోనే, ఊడదీసిన చక్రాలు తగిలించి, ఒక పూత ఎర్రరంగు వేసి తీసుకుపోయి ఉంటే సరిపోయేది. బావకు కావలసింది అంతే.

కానీ రాత పడలేదు గదా.

బోగీ పక్కన అక్షరాలు రాయడానికి కూర్చున్నాను. బియ్యపుగింజకన్నా చిన్న అక్షరాలు. బ్రష్షు గసగసాల మీదికి రాగానే ఎగిరిపడేది, గీత వంకరపోయేది. తుడిచాను, రాశాను, తుడిచాను. చివరికి విసుగొచ్చి గరుకు కాగితం పెట్టి ఆ రివిట్లన్నీ రుద్దేశాను. పక్క నున్నగా అయింది. దాని మీద రివిట్లను రంగుతోనే పెట్టాను, ఒక్కో చుక్కకింద సన్నని నీడ. దూరంనుంచి చూస్తే అచ్చం రివిట్లే. దాంతో నాకు మదమెక్కింది. స్టాప్లర్ పిన్నులు మోటుగా కనబడ్డాయి. అవీ పీకేసి, కడ్డీలను కూడా రంగుతోనే గీశాను, పైన వెలుగు గీత, కింద చీకటి గీత. ఈగ వచ్చి వాలబోయి జారిపడిందని వీధిలో చెప్పాను. ఈగ వాలిన మాట నిజమే. నా వేలికి బెల్లం అంటుకుని ఉండింది.

ఈ లోపల బావ ఫోను చేస్తూనే ఉన్నాడు.

"అయిందారా?"

"అయింది బావా. లైట్లు ఎలుగుతున్నయి, ఫ్యాన్లు తిరుగుతున్నయి. కూత గూడ ఏస్తది."

బోగీలు నా ఎదుట పాత పేపరు మీద చక్రాల్లేకుండా వెల్లకిలా పడి ఉండేవి.

"అయితె వీడియోల చూపియ్యి. మీ అక్క ఫోను పట్టుకుంటది."

"ఫోన్ల చూస్తె ఏం మజా ఉంటది బావా? తెచ్చి నీ ముంగట నడిపిస్త. వచ్చే ఆదివారం."

వెనకనుంచి అక్క గొంతు వినిపించేది. "వీని ఆదివారం పంచాంగంలనే లేదు."

బావకు చాలా కాలంగా షుగరు. ఒకసారి అక్కే ఫోను చేసింది. అన్నం కలుపుకుంటూ కూర గిన్నెలో కాక నీళ్ల చెంబులో చెయ్యి పెట్టాడట. వరంగల్‌లో కళ్లు చూపిస్తే, కంటి వెనక నరాల్లో నెత్తురు చిమ్ముతోంది, ఆలస్యం చెయ్యొద్దు, కంట్లోకి సూదులు వెయ్యాలి, లేజరు పెట్టాలి అన్నారట. "నువ్వన్న చెప్పు తమ్మీ. నా మాట ఇంటలేడు" అంది. ఫోను ఆయన చేతికిచ్చింది.

"దవాఖానకు ఎందుకు పోతలేవు బావా?"

"కంట్ల సూది పొడుస్తరట. అటో ఇటో అయితె ఇప్పుడు కానొచ్చేది గూడ పోతది. ఏం భయంలేదు, పోత. నీ బండొక్కసారి చూసుకొని పోత. ఇప్పుడైతె ఎరుపు ఎర్రగనే కానొస్తుంది."

ఇది ఆయన సరదాగా అన్నాడు. నేనూ నవ్వాను. నేను ఆ క్షణాన అనవలసింది, "బండి కాలేదు బావా, నేను అబద్ధం చెప్పిన, నువ్వు ముందు దవాఖానకు పో" అని. లేకపోతే, ఉన్న బోగీని ఉన్నట్టే సంచిలో వేసుకుని వచ్చే ప్యాసింజరు ఎక్కవలసింది. జనగామ నుంచి మానుకోట ఎంత దూరం? చాయ్ తాగి కునుకు తీస్తే వచ్చే ఊరు. నేను ఆ రెండూ చెయ్యలేదు. "వచ్చే ఆదివారం పక్కా" అన్నాను.

ఆ ఆదివారం నాటికి బోగీ మీద బావ ఊరి పేరు తప్ప అంతా రాశాను. ఊరి పేరు మాత్రం ఎన్నిసార్లు రాసినా నచ్చలేదు. తుడిచేశాను.

తర్వాతి వారంలో ఒక పొద్దున అక్క ఫోను. లేచి మొహం కడుక్కుంటూ, "లైటెందుకు తీసేసినవే?" అని అడిగాడట. ఎండ వాకిట్లోకి వచ్చి ఉంది. హైదరాబాదు తీసుకుపోయారు. ఆపరేషను చేశారు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతకుమించి రాలేదు. ముందే వచ్చి ఉంటే మిగిలేదా అని నేనే డాక్టరును అడిగాను. "చెప్పలేం. కొందరికి మిగులుతుంది, కొందరికి మిగలదు" అన్నాడు. ఆయన అలా కాక, ముందే వస్తే బాగుండేది అని తిట్టినా నాకు కొంత నయంగా ఉండేది. ఆ 'చెప్పలేం'ను నేను ఎటూ తిప్పుకోలేకపోతున్నాను.

మేనకోడలు వచ్చి వాళ్లిద్దరినీ భూపాలపల్లి తీసుకుపోయింది. ఆ ఊరికి రైలు లేదు. బొగ్గు లారీలే. ఫోనులో బావ అనేవాడు, "ఈ ఊర్ల పొద్దెట్ల తెలుస్తదిరా? అక్కడైతె కూత ఇని, పలానా బండి వొయింది, ఇగ తినాలె, పలానా బండి వొయింది, ఇగ పండాలె అనుకునేటోన్ని. ఇక్కడ లారీలు పొద్దుమాపు ఒక్కతీరే మొత్తుకుంటయి." బండి గురించి మాత్రం అడగడం మానేశాడు.

అడగడం మానేశాక మొదటి బోగీ ఇట్టే పూర్తయింది. ఊరి పేరు మొదటిసారికే కుదిరింది. నాకు దానిమీద కోపమొచ్చింది, నా చెయ్యి మీదే.

స్వీటు డబ్బాలో దూది పరిచి, బోగీని పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు, "ఏందే తాతా, పెండ్లి లడ్డులా?" అన్నాడు.

"రైలు."

"బస్సుల రైలా? ఇగ మా నౌకర్లు పోయినట్టే."

పక్కసీటాయనకు డబ్బా మూత తీసి చూపించాను. ఢిల్లీలో ప్రదర్శనకు పెడితే మంత్రులు వచ్చి చూశారని చెప్పాను. పరకాల దాటాక, ఇది ఢిల్లీ కాదు, వరంగల్ కూడా పోలేదని చెప్పేశాను. ఆయన నవ్వి, "మరి ఎవలు చూసిండ్రు?" అన్నాడు. ఎవరూ చూడలేదు. డబ్బా మూత పెట్టేశాను.

బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే మొహం తిప్పాడు. "ఏ ఆదివారంరా ఇది?" అన్నాడు. అక్క నవ్వలేదు. బోగీని ఆయన రెండు అరచేతుల్లో పెట్టాను. ఆయన వేళ్లు ముందు పైకప్పు మీద నడిచాయి, తర్వాత పక్కమీదికి దిగాయి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు.

"గిది బోగీనా, సబ్బుబిళ్లనా?" అన్నాడు. "రివిట్లేవి?"

"ఉన్నయి బావా."

"తలుపు కాడ కడ్డీ?"

ఆయన వేలు పట్టుకుని కడ్డీ మీద పెట్టాను. నేను గీసిన కడ్డీ. పైన వెలుగు, కింద చీకటి. వేలు దాని మీద జారింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది.

మేనకోడలికే ముందు అర్థమైంది. "బాపూ, మామ రంగుతోటి గీసిండే. చూస్తె అచ్చం కడ్డీ లెక్కనే ఉన్నది. నిజంగ. నేనే మోసపోయిన" అంది.

బావ ఆ చోటును గోటితో ఒకసారి గీకి చూశాడు. తర్వాత, "చేతికి దొరకంది కడ్డీ ఎట్లయితదిరా బామ్మర్దీ? కెటిల్‌తోని కింద పడ్త గదా" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. అక్క లేచి వంటింట్లోకి పోయింది. అక్కడినుంచే, "అన్నం తిని పో తమ్మీ, బస్సు దొరకదు" అంది. నన్ను ఆమె అంత మెత్తగా పిలిచింది ఎప్పుడూ లేదు. తిట్టివుంటే కడుపునిండా తినేవాణ్ణి.

తిరుగుబస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ పక్కమీద ఒకప్పుడు అన్నీ ఉన్నాయి. గసగసాల రివిట్లు ఉన్నాయి, పిన్ను కడ్డీలు ఉన్నాయి. వాటిని నా చేత్తో నేనే రుద్ది, పీకి, వాటి బొమ్మలు గీశాను. ఉన్నదాన్ని పీకి ఉన్నట్టు చూపించడం నా మాటలకే కాదు, చేతికీ అలవాటైపోయింది.

ఇంటికొచ్చి రెండో బోగీ తీశాను. అది పైరంగు గీకేసి సగంలో వదిలేసిన బోగీ, లోపలి తెల్ల ప్లాస్టిక్కు బయటపడి ఉంది. చీపురుపుల్లల ఊచలు పెట్టాను. మా ఆవిడే గసాల డబ్బా తెచ్చి ముందర పెట్టింది. స్టాప్లర్ పిన్నులు తలుపుకు అటొకటి ఇటొకటి గుచ్చాను, వేలిగోరు దూరేంత ఎత్తుగా. రంగు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను. రంగు పూస్తే గసగసాల మధ్య సందులు పూడుకుపోతాయి, వేలికి మొద్దుగా తగులుతాయి. రంగు లేకుండానే వదిలేశాను. పెయింటరును నేను.

ఇక రాత. గోరింటాకు పెట్టుకునే కోను ఒకటి ఖాళీ చేసి, అందులో చిక్కటి బంక నింపి, పక్కమీద పిండాను. నా బ్రష్షు రాతను చూసి యార్డులో పెద్ద ఇంజనీర్లు టోపీ తీసేవాళ్లు. సరే, టోపీ ఎవరూ తియ్యలేదు, కానీ వంకర ఉందని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆ కోనులోంచి వచ్చినవి జంతికల్లాంటి అక్షరాలు. లావుగా, వంకరగా, బోగీ సగం పొడుగున: మానుకోట. తుడవబోయి ఆగాను. గోడగడియారం వంక చూశాను. భూపాలపల్లి వైపు పోవడానికి బస్సుంది. బంక ఇంకా తడిగానే ఉంది.

డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. రాత ఆరకుండా నా చేతిలోంచి కదిలిన బండి అదొక్కటే.

ఈసారి బావ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. బోగీని చేతిలో పెట్టగానే వేళ్లు నేరుగా తలుపు దగ్గరికి పోయాయి. వెతికాయి. పిన్ను దొరికింది. బొటనవేలి గోరూ చూపుడువేలి గోరూ కలిపి దాన్ని పట్టుకున్నాడు. రెండో చెయ్యి దానంతట అది కొంచెం పక్కకి జరిగి, గాలిలో, కెటిల్ పట్టుకున్నట్టు నిలిచింది. ఆయన దాన్ని గమనించలేదు. అక్క గమనించింది.

"ఎక్కిన" అన్నాడు.

తర్వాత రాత మీదికి వచ్చాడు. "మా... ను..." అని కూడబలుక్కుని, "తర్వాతది అలికిపోయిందిరా. పచ్చిగున్నదా ఏంది? యార్డుల గిట్లనే పంపేటోనివా?"

"తొందరల తెచ్చిన బావా."

"ఇప్పుడొచ్చిందా తొందర" అన్నాడు. అందులో దెప్పు ఎంత ఉందో, హాస్యం ఎంత ఉందో నేను తూచుకోలేదు. ఎంతున్నా నాకు రావలసిందే. వేళ్లు మళ్లీ రివిట్లమీద నడిచాయి.

"రంగేం ఏసినవ్?"

బోగీ ఆయన ఒళ్లో కొత్త పింగాణీ గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. మేనకోడలు నావైపు చూసింది.

"గదే బావా. నువ్వన్నదే. ఇటుక ఎరుపు."

నేను చెప్పిన అబద్ధం ఏదైనా చాయ్ చల్లారేలోపల నేనే విప్పేస్తాను, నా సంగతి నన్నెరిగినవాళ్లందరికీ తెలుసు. అక్క కూడా నా మొహంలోకి చూస్తూ అందుకే ఎదురుచూసింది. చాయ్ వచ్చింది, తాగాను, గ్లాసు కింద పెట్టాను. విప్పలేదు.

బావ బోగీని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, ఎండవైపు ఒకసారి, నీడవైపు ఒకసారి తిప్పాడు. అరచేతితో దాని పక్కను నెమ్మదిగా నిమిరాడు.

"ఎరుపు జర ఎక్కువైందిరా బామ్మర్దీ" అన్నాడు.

"ఈసారి తగ్గిస్త బావా" అన్నాను.